రాత్రిపూట కుంట కాడ కప్పల అరుపులు రికార్డ్ చేయాలె, ఫోన్ సరిపోతదా?

కుంటకాడిపోరడు · జూన్ 11, రాత్రి 11:52

అన్నలకు, అక్కలకు నమస్తే. మాది అమీన్‌పూర్ సైడు. మా కాలనీ ప్రహరీ అవతల చిన్న కుంట ఒకటుంది. ఎండకాలమంత నెర్రెలు వారి, బర్రెలు తిరుగుకుంట ఉంటయ్. మొన్న పెద్ద వాన పడ్డ రాత్రి నుంచి కప్పలు ఆపకుండ అరుస్తున్నయ్. పక్కింటోళ్లు కిటికీలు మూసుకుంటున్నరు, నేనైతే బాల్కనీల కుర్చీ ఏసుకుంటున్న.

అసలు సంగతేందంటే, ఫోన్ల వాయిస్ రికార్డర్ ఆన్ చేస్తే మొదటి రెండు మూడు సెకన్లు అరుపులు గట్టిగ వినవడుతున్నయ్, తర్వాత మెల్లగ మాయమైతున్నయ్. మధ్యల మా అమ్మ "అన్నం తిన్నవారా" అన్నది మాత్రం మంచిగ పడ్డది. ఫోన్ ఖరాబైందా? ఐదారు వేలల్ల మైకు ఏదన్న వస్తదా?

కుంటకు ఒక దిక్కు టిప్పర్లు మట్టి పోసి పోతున్నయ్. వచ్చే ఏడు ఇది ఉంటదో ఉండదో. గందుకే జెర తొందర.

---

డబ్బింగ్‌థియేటర్ · జూన్ 12, తెల్లవారుజాము 1:20

ఫోన్ బాగానే ఉంది తమ్ముడూ. దానికి చెప్పిన పని అది చేస్తోంది. వాయిస్ రికార్డర్‌లో నాయిస్ సప్రెషన్ ఉంటుంది. మనిషి మాట ఆగుతూ, మారుతూ ఉంటుంది కాబట్టి దాన్ని ఉంచుతుంది. ఫ్యాను, ఏసీ, ఇంజను వంటి మారకుండా సాగే శబ్దాన్ని రెండు సెకన్లు గమనించి తగ్గించేస్తుంది. కప్పల గుంపు అరుపు దాని లెక్కలో ఫ్యానే. మీ అమ్మగారి మాట నిలబడి కప్పలు పోవడానికి కారణం ఇదే.

రెండోది, ఆటో గెయిన్. శబ్దం పెరిగితే తగ్గిస్తుంది, తగ్గితే పెంచుతుంది. ఏ కప్ప గట్టిగా అరిచిందో, ఏది మెల్లగా అరిచిందో ఆ ఫైల్‌లో ఇక తెలియదు.

మూడోది ఎవరూ చూడరు. కొన్ని పాత యాప్‌లు ఏఎంఆర్ ఫైల్‌గా సేవ్ చేస్తాయి. అందులో శాంప్లింగ్, అంటే శబ్దాన్ని కొలిచే వేగం, 8 కిలోహెర్ట్జే. దానిలో సగం వరకే ఫైల్‌లో పడుతుంది, అంటే 4 కిలోహెర్ట్జ్ పైన ఏమీ ఉండదు. ఫోన్‌లో మాట్లాడుకోవడానికి చాలు, పురుగులకీ చిన్న కప్పలకీ చాలదు.

వేవ్ ఫైల్ రాసే యాప్ వేసుకో, ఉచితంగానే దొరుకుతాయి. సెట్టింగుల్లో ఆడియో సోర్స్ 'రా' అనో 'అన్‌ప్రాసెస్డ్' అనో ఉంటే అది పెట్టు. 48 కిలోహెర్ట్జ్, 16 బిట్, మోనో. నిమిషానికి 5.76 ఎంబీ, గంటకి దాదాపు 345 ఎంబీ అవుతుంది. యాప్‌లో శబ్దం మీటర్ మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఎగురుతుంటే చాలు, సున్నా తాకనివ్వకు.

బాల్కనీ వదిలేసి దగ్గరికి వెళ్లు. దూరం సగం అయిన ప్రతిసారీ నీకు 6 డెసిబెల్స్ కలిసొస్తాయి. నలభై మీటర్ల నుంచి ఐదు మీటర్లకి వస్తే 18. ఐదారు వేల మైకు ఏదీ ఇంత ఇవ్వదు. ఆ డబ్బు ముందు బూట్లకి పెట్టు.

---

గండిపేటగట్టు · జూన్ 12, ఉదయం 7:05

బూట్ల మాట నేనే అందామనుకున్న. మోకాలి దాకా వచ్చే రబ్బరు గంబూట్లు, మంచి టార్చి. కప్పలు ఏడ ఉంటే పాములు ఆడికే వస్తయ్. నీటిపాము ఎట్లాగూ ఉంటది, అది విషం లేనిది. కాని నాగుపాము గూడ కప్పల కోసమే వస్తది. మన దిక్కు రక్తపింజర, కట్లపాము రెండూ ఉన్నయ్. కట్లపాము కరిస్తే చాలాసార్లు నొప్పి గూడ తెల్వదు, "ఏదో గీసుకుపోయింది" అని ఇంటికొచ్చి పండుకుంటరు. అదే ప్రాణం మీదికి తెస్తది.

ఒక్కనివి పోకు. చెయ్యి పెట్టే ముందు, కూసునే ముందు టార్చి కొట్టి చూడు. చెప్పుల మీద గట్టు దిగుడు బంద్. ఏమన్న అయితే కట్టు కట్టుడు, బ్లేడుతోని కోసుడు వద్దు. కాలు కదలకుండ పెట్టి 108కి కొట్టి, విషానికి మందు ఉన్న పెద్ద దవాఖానకు సీదా పోవాలె.

ఇంకోటి. అర్ధరాత్రి చేతిల మైకు, నెత్తికి లైటు పెట్టుకొని కుంట కాడ కూసున్నోన్ని చూస్తే వాచ్‌మెన్‌కు అనుమానం రాదా? ముందే చెప్పి పో. పెట్రోలింగ్ బండి ఆగి అడిగితే హెడ్‌ఫోన్స్ వాళ్లకే ఇచ్చి వినిపియ్యి. నేను గట్లనే చేస్త. ఓసారి కానిస్టేబుల్ అన్న పది నిమిషాలు తియ్యలే.

---

జువాలజీలెక్చరర్ · జూన్ 12, మధ్యాహ్నం 2:40

మంచి ప్రయత్నం బాబూ. ఎన్ని రకాల అరుపులు వినిపిస్తున్నాయో రాయగలవా? పేరు వద్దు, నీ చెవికి ఎలా వినిపిస్తే అలా. ఎక్కడి నుంచి వస్తోందో కూడా: నీళ్ల మధ్యనుంచా, గడ్డిలోంచా, గోడ మీదనుంచా.

---

కుంటకాడిపోరడు · జూన్ 12, రాత్రి 10:15

ఇప్పుడే విని రాస్తున్న మేడమ్.

ఒకటి "కుర్ర్ర్ర్ర్ర్" అని ఊపిరి తీసుకోకుండ సాగుతది, ఒడ్డు నుంచి. ఒకటి "టక్, టక్ టక్" అని ఆగి ఆగి, ప్రహరీ పక్కన తుమ్మచెట్టు దిక్కు నుంచి. ఒకటి గడ్డిల నుంచి "గ్రీక్ గ్రీక్ గ్రీక్", దగ్గరికి పోతే కనపడదు. మొదటి రోజు మాత్రం పసుపుపచ్చ పెద్ద కప్పలు నీళ్లల్ల కొట్టుకున్నయ్, పొద్దుగూకక ముందే మొదలువెట్టినయ్. రెండు రాత్రులకే బందైనయ్. ఎవరన్న పట్టుకపోయిండ్రా అని మనసుల పడ్డది.

---

జువాలజీలెక్చరర్ · జూన్ 12, రాత్రి 11:30

పసుపుపచ్చవి ముందు చెప్తాను. అవి హోప్లోబాట్రాకస్ టైగెరినస్, మన అతి పెద్ద కప్పల్లో ఒకటి. ఆ పసుపు మగవాటికే, అదీ జత కట్టే రోజుల్లోనే. గొంతుకి రెండు పక్కలా నీలం రంగు సంచులు ఉబ్బుతాయి. మొదటి భారీ వానకి ఒక్కసారిగా వచ్చి, ఒకటి రెండు రోజుల్లో పని ముగించుకుని గుంపు చెదిరిపోవడం వాటి పద్ధతి. కాబట్టి అరుపు ఆగిందంటే పట్టుకుపోయారనే అనుకోనక్కర్లేదు. ఆ భయం ఊరికే రాలేదులే. కప్ప కాళ్ల వ్యాపారం కోసం ఒకప్పుడు వీటిని విపరీతంగా పట్టారు. 1985లో సైటిస్ (అడవి జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపుచేసే ఒప్పందం) రెండో అనుబంధంలో చేర్చారు, 1987లో మన దేశం ఎగుమతి నిషేధించింది.

సాగే "కుర్ర్ర్" మన ఇళ్ల దగ్గర తిరిగే గోదురుకప్ప, ఒళ్లంతా గరుకుగా ఉండేది. "టక్ టక్" చాలావరకు చెట్టుకప్ప, పాలీపెడేటస్ మాక్యులేటస్. చెక్కతలుపు మీద వేలి కణుపుతో కొట్టినట్టు ఉంటుంది. వానాకాలం బాత్రూమ్ గోడకి అతుక్కుని కనపడేదీ అదే. పొద్దున వెళ్తే నీళ్ల మీదకి వంగిన కొమ్మకో, గోడకో తెల్లటి నురుగు ముద్ద ఉందేమో చూడు. గుడ్లు అందులో పెడుతుంది. పిల్లలు అందులోంచి నేరుగా నీళ్లలోకి జారతాయి.

గడ్డిలో "గ్రీక్" అనేది మైక్రోహైలా ఆర్నాటా కావచ్చు. చాలామంది ఇలకోడి అనుకుని వదిలేస్తారు. రెండు, రెండున్నర సెంటీమీటర్ల జీవి. ఒళ్లు ఎంత చిన్నదైతే గొంతు అంత సన్నగా ఉంటుంది, మామూలుగా.

అరిచేవి దాదాపు అన్నీ మగవే. నువ్వు వింటున్నది ఆడకప్పలకి పిలుపు, పక్క మగకప్పకి హెచ్చరిక.

ప్రతి రికార్డింగ్ మొదట్లోనో చివర్లోనో నీ గొంతుతోనే చెప్పు: తేదీ, టైము, చోటు, వాన ఎప్పుడు పడింది, గాలి వేడి, నీళ్ల వేడి. నూటాభై రూపాయల థర్మామీటర్ చాలు. కప్పకి ఒంటి వేడి బయటి నుంచే రావాలి. చల్లబడితే అదే కప్ప అరుపులో దరువు మందగిస్తుంది. వేడి రాయకపోతే, తేడా జాతిదో వాతావరణానిదో తర్వాత ఎవరూ తేల్చలేరు.

---

రిటైర్డ్‌బాబాయి · జూన్ 13, ఉదయం 6:10

చిన్నప్పుడు వానలు వెనకబడితే పిల్లలం రోకలికి కప్పను కట్టి, వేపమండలు చుట్టి ఇల్లిల్లూ తిరిగేవాళ్లం. కప్పతల్లి అని ఇంటావిడ బిందెడు నీళ్లు గుమ్మరించేది. పాపం, కప్ప సంగతి అప్పుడు ఎవరం ఆలోచించాం? అంతకంటే పాత ముచ్చట కావాలంటే ఋగ్వేదం ఏడో మండలంలో 103వ సూక్తం ఉంది, మొత్తం వానాకాలపు కప్పల అరుపు మీదే. ఇవాళేమో మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో "కప్పల న్యూసెన్స్, మున్సిపాలిటీకి కంప్లయింట్ చేద్దామా" అని పోల్ పెట్టారు. 23 మంది అవునన్నారు.

---

ఎడిట్‌రాజా · జూన్ 13, ఉదయం 10:48

బ్రో, క్లీన్ ఆడియో ఉంటే నాకివ్వు. ఏఐ డీనాయిస్‌లో వేసి, వాన సౌండ్ కలిపి ఎనిమిది గంటలు లూప్ చేస్తా, నిద్రపట్టే వీడియోలకి మంచి వ్యూస్ వస్తాయి. టిప్పర్ సౌండ్ మొత్తం లేపేస్తా, నువ్వు టెన్షన్ పడకు.

---

డబ్బింగ్‌థియేటర్ · జూన్ 13, మధ్యాహ్నం 12:15

రాజా, పగలంతా నేను చేసేది ఆ పనే. అందుకే చెప్తున్నా, ఒరిజినల్ మీద వద్దు. గోదురుకప్ప "కుర్ర్ర్" అనేది ఒక్క శబ్దం కాదు, వరసగా పడే చిన్న చిన్న దెబ్బలు. ఏ కప్పో చెప్పడానికి ఆ దెబ్బల మధ్య సందు చూస్తారు. డీనాయిస్ దాన్ని నున్నగా పూసేస్తుంది. చెవికి ఇంపుగానే ఉంటుంది, కానీ లోపల ఉన్న సరుకు పోతుంది. ఎంపీ3 చేసి వాట్సాప్‌లో పంపినా అంతే.

కాపీ తీసుకుని ఏమైనా చేసుకో, వీడియో కింద "ఎడిట్ చేశాం" అని ఒక ముక్క రాయి. మొన్న ఒక "అర్ధరాత్రి వాన, కప్పలు" వీడియోలో వెనకాల కోయిల పాడుతోంది. నిద్ర సంగతేమో గానీ నాకు నవ్వాగలేదు.

---

ఎడిట్‌రాజా · జూన్ 13, మధ్యాహ్నం 12:31

హహ, ఆ వీడియో నాది కాదు అన్నా, ఒట్టు. కానీ ఒకటి చెప్పు, టిప్పర్ హారన్ వింటూ ఎవడు నిద్రపోతాడు?

---

డబ్బింగ్‌థియేటర్ · జూన్ 13, మధ్యాహ్నం 12:40

నిద్రపోవద్దు. ఆ టిప్పర్ అక్కడ ఉందని తెలియాలి. ఏ రాత్రి, ఎన్ని గంటలకి వచ్చిందో ఆ ఫైల్ చెప్తుంది. తమ్ముడి కుంట కథలో అది కప్పల కంటే తక్కువ సాక్ష్యం కాదు.

---

కుంటకాడిపోరడు · జూన్ 13, రాత్రి 9:02

సరే, ఒరిజినల్ ముట్టుకోను. రెండు డౌట్లు. ఒకటి, కప్పలు ఊకున్నప్పుడు ఫోన్ల వాటి అరుపే ప్లే చేస్తే మళ్ల మొదలువెడ్తయట, చేయొచ్చునా? రెండు, జీవుల ఫొటోలు, అరుపులు పెట్టే సైటు ఐనాచురలిస్ట్‌ల పెట్టమని ఒక దోస్తు చెప్పిండు, పెట్టొచ్చునా?

---

జువాలజీలెక్చరర్ · జూన్ 13, రాత్రి 10:20

ప్లే చేయవద్దు. అవతల మరో మగకప్ప వచ్చిందనుకుని అది అరవడమో, వెతుక్కుంటూ బయటికి రావడమో చేస్తుంది. రాత్రంతా అరవడానికి వాటికి చాలా శక్తి ఖర్చవుతుంది, దాన్ని మనం ఊరికే తినేయడం ఎందుకు? పైగా నీ ఫోన్‌కి జవాబిచ్చిన అరుపు మామూలు రాత్రి అరుపు కాదు. లైటు ఆర్పి కదలకుండా కూర్చో, పది పదిహేను నిమిషాల్లో అవే మొదలుపెడతాయి.

ఐనాచురలిస్ట్‌లో ఆడియో పెట్టవచ్చు. ఒక ఫైల్‌లో మూడు జాతులు వినిపిస్తే మూడు వేరు వేరు ఎంట్రీలు వేయాలి.

ఇంకో మాట, కాస్త వింతగా అనిపిస్తుంది. కప్పలు అరవని రాత్రి కూడా అదే చోట, అదే టైముకి ఐదు నిమిషాలు రికార్డ్ చేయి.

---

కుంటకాడిపోరడు · జూన్ 13, రాత్రి 10:26

అరవని రోజు గూడనా? మా అమ్మ చూస్తే నిమ్మకాయలు దిగదీస్తది మేడమ్.

---

జువాలజీలెక్చరర్ · జూన్ 13, రాత్రి 10:41

తీయనీ, ఆ నిమ్మకాయలతో షర్బత్ చేసుకో. జోరుగా అరిచిన రాత్రులే దాచుకుంటే వచ్చే ఏడు ఏం పోలుస్తావు? "ఈసారి తగ్గాయి" అంటే, నిజంగా తగ్గాయా, నువ్వు వెళ్లిన రోజులు తగ్గాయా అని అడుగుతారు. నిశ్శబ్దం కూడా ఫైల్‌లో ఉంటేనే జవాబు ఉంటుంది.

---

గండిపేటగట్టు · జూన్ 14, ఉదయం 8:15

ఐనాచురలిస్ట్‌ల పెడితే లొకేషన్ 'అబ్‌స్క్యూర్డ్' అని పెట్టు తమ్మీ. అసలు పాయింట్ కనపడదు, 0.2 డిగ్రీల గడిల ఏడనో ఒక చోట చుక్క పెడ్తది. అంటే దాదాపు 22 కిలోమీటర్ల అడ్డం, నిలువు. పెద్ద కప్పలు తినేటోళ్లు ఇప్పటికీ ఉన్నరు.

---

కుంటకాడిపోరడు · జూన్ 14, ఉదయం 9:30

అన్నా, చుక్కను 22 కిలోమీటర్లు జరిపితే నా కుంట ఏడుంది మరి? రేపు ఎవరన్న "ఇది ఉత్త పడావు భూమి, ఈడ నీళ్లే లేవు" అంటే నేనేం చూపియ్యాలె? మా అమీన్‌పూర్ పెద్ద చెరువుకైతే 2016ల జీవవైవిధ్య వారసత్వ స్థలం అని గుర్తింపు ఇచ్చిండ్రు, పక్షులను చూసేటందుకు జనం కెమెరాలు పట్టుకొని వస్తరు. గీ కుంటకు ఎవరున్నరు? దీనికి కనీసం పేరు గూడ లేదు.

---

గండిపేటగట్టు · జూన్ 14, ఉదయం 9:52

గది గూడ నిజమే.

---

జువాలజీలెక్చరర్ · జూన్ 14, ఉదయం 11:05

రెండూ కుదురుతాయి. పసుపు కప్ప ఒక్కదానికి లొకేషన్ దాచు, మిగతావాటికి తెరిచి పెట్టు. గోదురుకప్ప కోసం ఎవరూ సంచి పట్టుకుని రారు. నీ దగ్గర ఉండే ఒరిజినల్ ఫైళ్లలో మాత్రం చోటు నీ గొంతుతో స్పష్టంగా ఉండాలి. అందుకే ఇక్కడికి పంపేటప్పుడు కూడా ఎడిట్ చేయని ఫైలే పంపు.

ఒక కుంట నుంచి ఇంకో కుంటకి వెళ్లేటప్పుడు బూట్ల బురద కడిగి, ఆరబెట్టి వెళ్లండి. కప్పలకి సోకే కైట్రిడ్ బూజు తడి బురదతో పాటు ప్రయాణం చేయగలదు.

---

కుంటకాడిపోరడు · జూన్ 20, తెల్లవారుజాము 12:48

అప్‌డేట్. గండిపేట అన్న వచ్చిండు, ఆయనతోనే పోయిన. ఇప్పుడే ఇంటికొచ్చిన, నిద్ర వస్తలేదు కాబట్టి రాస్తున్న.

మేం గట్టు దిగంగనే అన్ని ఒక్కసారి బంద్. టార్చి ఆర్పి కూసున్నం. దోమలు కొడుతుంటే చప్పుడైతదని కొట్టుకోవద్దు అన్నడు అన్న. కొంచెం సేపటికి తుమ్మచెట్టు మీద నుంచి "టక్" అని ఒక్కటే. తర్వాత ఇంకోటి. ఆ తర్వాత ఒడ్డు మొత్తం అందుకుంది.

గడ్డిలదాన్ని దొరకవట్టినం! టార్చికి ఎర్ర పాలిథిన్ కట్టి, ఇద్దరం చెరో దిక్కు నుంచి చెవి పెట్టి, చప్పుడు ఏ దిక్కో వేలితో చూపెట్టుకుంటూ పోయినం. ఇద్దరి వేళ్లు కలిసిన చోట బర్రె గిట్ట దిగిన గుంత, దాంట్ల గుప్పెడు నీళ్లు. అంచుకు కూసోని ఉంది, నా బొటనవేలి గోరు కంటే కొంచెం పెద్దది, అంతే. వీపు మీద ముదురు గోధుమ మచ్చ. అరిచినప్పుడు గొంతు సంచి దాని ఒళ్లంత అయితది, డొక్కలు లోపలికి పోతయ్. సంచి ఉబ్బినప్పుడల్ల గుంతల నీళ్లు సన్నగ వణుకుతున్నయ్. గంత చిన్నదానికి గంత గొంతు ఏడికెల్లి వస్తదో! మైకు అర మీటర్ల పెట్టిన, మైనస్ 12 పెట్టుకున్నదాన్ని మైనస్ 20కి తగ్గించాల్సొచ్చింది.

ఆడాసిటీ అనే ఆడియో సాఫ్ట్‌వేర్‌ల స్పెక్ట్రోగ్రామ్, అంటే ఏ శబ్దం ఎన్ని హెర్ట్జ్‌ల ఉందో చూపెట్టే బొమ్మ, తీసి చూసిన. 500 హెర్ట్జ్ కింద మొత్తం రోడ్డే, ముద్దగ ఉంది. గోదురుకప్ప గీత దాని పైన వేరుగ, సాఫుగ కనపడుతుంది. గడ్డికప్పది ఇంక మీద. చెవికి అన్నీ కలిసిపోయినట్టు అనిపించినయ్ గని బొమ్మల ఎవరి అంతస్తు వాళ్లదే. 100 దగ్గర ఒక సన్న గీత మొదటి నుంచి చివరి దాకా ఆగకుండ ఉంది. అదేం కప్ప?

---

డబ్బింగ్‌థియేటర్ · జూన్ 20, తెల్లవారుజాము 1:15

అది కప్ప కాదు, మీ కాలనీ ట్రాన్స్‌ఫార్మర్. మన కరెంటు 50 హెర్ట్జ్, ట్రాన్స్‌ఫార్మర్ మోత దానికి రెట్టింపు పడుతుంది. కుంటకి ఆ పక్క కూర్చుని, మైకు వీపు దానివైపు పెట్టి చూడు. తీసేయాల్సిన పని లేదు.

గోదురుకప్ప దెబ్బలు విడివిడిగా చూడాలంటే స్పెక్ట్రోగ్రామ్ సెట్టింగుల్లో విండో సైజు 256కి తగ్గించు. గీత లావవుతుంది, కానీ సందులు కనిపిస్తాయి. ఎన్ని హెర్ట్జ్‌లో అరుస్తోందో కొలవాలంటే మళ్లీ 2048కి పెంచు. రెండూ ఒకేసారి రావు.

---

జువాలజీలెక్చరర్ · జూన్ 20, ఉదయం 7:20

గిట్ట గుంతలో మైక్రోహైలా! చాలా సంతోషం. ఫైల్ విన్నాను, నాలుగో నిమిషంలో దూరంగా "ఊంమ్, ఊంమ్" అని లోతుగా రెండుసార్లు ఉంది. ఎవరైనా గమనించారా?

---

గండిపేటగట్టు · జూన్ 20, ఉదయం 7:45

విన్న మేడమ్. బర్రె అనుకున్న.

---

జువాలజీలెక్చరర్ · జూన్ 20, ఉదయం 8:02

బర్రె కావచ్చు. యూపెరోడాన్ అనే కప్ప కూడా కావచ్చు. అది ఏడాదిలో ఎక్కువ భాగం మట్టిలోనే ఉండి, పెద్ద వానకి బయటికి వచ్చి, నీళ్ల మీద బూరలా ఉబ్బి తేలుతూ అరుస్తుంది. రెండు అరుపులతో పేరు పెట్టను. ఈసారి గట్టి వాన పడ్డ రాత్రే వెళ్లాలి, మర్నాడు కాదు. వీలైతే నేనూ వస్తాను.

---

ఎడిట్‌రాజా · జూన్ 20, ఉదయం 10:10

నేనూ రావచ్చా? డీనాయిస్ చేయను, ప్రామిస్. స్టాండు, రెండు పవర్ బ్యాంకులు తెస్తా.

---

కుంటకాడిపోరడు · జూన్ 20, ఉదయం 10:22

రా బ్రో, మైకుకు గాలి కొట్టకుండ బొచ్చు కవరు ఏదన్న ఉంటే గూడ పట్టుకరా. వాన పడంగనే ఈడనే మెసేజ్ పెడ్త. మేడమ్‌కు గంబూట్లు కావాలె, ఎవరి దగ్గరన్న 6 సైజు ఉందా?

---

గండిపేటగట్టు · జూన్ 20, ఉదయం 10:40

మా ఇంటామెవి ఉన్నయ్, 7. పొద్దుగాల్నే కడిగి ఎండకు పెట్టిన.